బడిలో నీలం మాత్ర: మందుకు మార్కులు పడతాయి, పంచే తీరుకే పడవు

ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు వారానికొకసారి ఇచ్చే ఈ ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. పైసా ఖర్చు లేదు, రోజూ మింగే బెడదా లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి, అబ్బాయిల్లో 31 శాతం మందికి రక్తహీనత తేలింది. అవసరం మీద పేచీ లేదు. అయినా కొన్ని మాత్రలు కిటికీ అవతలే పడుతుంటాయి.

మొదటి కారణం ఖాళీ కడుపు. మధ్యాహ్న భోజనం మానేసిన పిల్లకు మాత్ర ఇస్తే వికారం, కడుపునొప్పి రావచ్చు. ఒకరు వాంతి చేసుకుంటే పక్క బెంచీవాళ్లకూ తిప్పడం మొదలవుతుంది, వచ్చే వారం సగం తరగతి తల అడ్డంగా ఊపుతుంది. అన్నం తిన్నారో లేదో అడిగి, తిననివాళ్లకు మర్నాడు ఇస్తే ఈ గొడవే ఉండదు. చక్కెర పూత ఉంటుంది కాబట్టి నమలకుండా గ్లాసెడు నీళ్లతో మింగించాలి, నమిలితే నోరంతా ఇనుప రుచి. టీ గంట తర్వాతే. ఆ పూట నిమ్మకాయ పులిహోర పెడితే మేలు, నిమ్మలోని విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది.

రెండోది, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకపోవడం. విరేచనం నల్లగా అవుతుంది, అది మామూలే. ముందుగా చెప్పకపోతే పిల్లలు హడలిపోతారు, ఇంట్లోవాళ్లు మాత్రే మాన్పిస్తారు. ఒక వారం తప్పితే మరుసటి వారం రెండు మింగించకూడదు. సికిల్‌సెల్, తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బులు ఉన్న పిల్లలకు డాక్టరును అడిగాకే ఇవ్వాలి. సికిల్‌సెల్ ఎక్కువగా కనిపించే ఏజెన్సీ (గిరిజన ప్రాంత) బడుల్లో ఇది మరీ ముఖ్యం.

మాత్రను చేతిలో పెట్టి పంపేస్తే జేబులోకి పోతుంది. టీచరు తానూ ఒకటి వేసుకుని, తన ఎదుటే మింగిస్తే పిల్లల బెరుకు పోతుంది. అబ్బాయిలు దీన్ని ‘ఆడపిల్లల మాత్ర’ అనుకుని వదిలేస్తారు, పై 31 శాతం లెక్క వాళ్లకు వినిపిస్తే సరి.

ఏడాదికి రెండుసార్లు ఇచ్చే 400 మిల్లీగ్రాముల నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్‌కు ఇంత తంటా లేదు, నమిలి మింగేస్తారు.

బడి మానేసిన అమ్మాయిల విషయంలో మాత్రం 5కి 2 మార్కులే. మాత్ర అంగన్‌వాడీలో దొరుకుతుంది. కానీ పొద్దున్నే కూలికి పోయే పిల్ల అంగన్‌వాడీ తెరిచి ఉండే వేళకు అక్కడికి రాలేదు.