సెమిస్టర్ చివరి ఫారమా, మధ్యలో చీటీయా: ఏది మేలు?

ఈ నెలలో ముగ్గురు కొత్త లెక్చరర్లు ఫోన్ చేసి ఇంచుమించు ఒకే మాట అడిగారు. ఒకరు నెల్లూరులో, ఇద్దరు ఒంగోలు పక్క కాలేజీల్లో పనిచేస్తున్నారు. "సార్, సెమిస్టర్ చివర ఆన్‌లైన్ ఫీడ్‌బ్యాక్ ఎలాగూ ఉంది కదా, మళ్లీ మేం విడిగా పిల్లల్ని అడగాలా? అడిగితే ఏ పద్ధతి మేలు?" నెల్లూరు వైపు జేఎన్‌టీయూ అనంతపురం, ఒంగోలు వైపు జేఎన్‌టీయూ కాకినాడ. యూనివర్సిటీలు వేరైనా ప్రశ్న ఒకటే. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను సివిల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం వాళ్లకు స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ (బరువు పడినప్పుడు దూలాలు, పలకలు ఎలా తట్టుకుంటాయో చెప్పే సబ్జెక్టు) చెబుతాను కాబట్టి ఉదాహరణలన్నీ ఆ తరగతివే.

ముందు ఫారం సంగతి. దాని బలాన్ని తక్కువ చేయను. రాసినవారి పేరు బయటపడదు. అరవై మందీ ఒకే ప్రశ్నకు జవాబిస్తారు. కాలేజీలకు, కోర్సులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినా, ఎన్‌బీఏ బృందం వచ్చినా చూపించడానికి ఫైలు ఉంటుంది. ఒక లెక్చరర్ క్లాసుకే సరిగా రావడం లేదనీ, ఐదు యూనిట్లలో మూడే ముగించారనీ మూడు నాలుగు సెమిస్టర్లు వరుసగా కనిపిస్తే దాన్ని కాదనడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ పనికి ఫారమే కావాలి.

కానీ అది నిండే తీరు చూశాను. గతంలో నేను పనిచేసిన ఒక కాలేజీలో ఫారం నింపితేనే హాల్ టికెట్ ఇచ్చేవారు. పిల్లలంతా కంప్యూటర్ ల్యాబులో వరుసగా కూర్చునేవారు. ఆరు సబ్జెక్టులు, సబ్జెక్టుకు ఇరవై ప్రశ్నలు. మొదటి సబ్జెక్టుకు కాస్త ఆలోచించేవారు. రెండోదాని నుంచి వేళ్లు ఒకే నిలువు వరుసలో కిందికి జారేవి: ఐదు, ఐదు, ఐదు. మనసులో కోపం ఉన్నవాడు ఒకటి, ఒకటి, ఒకటి. ఒకసారి నా ముందే ఒక అమ్మాయి ఆగి, తెర మీది ఇంగ్లీషు ప్రశ్నకు అర్థమేమిటని పక్కమ్మాయిని అడిగింది. భావనలను అన్వయించే సామర్థ్యాన్ని అధ్యాపకులు ఎంతవరకు పెంపొందించారని ఆ ప్రశ్న. పక్కమ్మాయి "నాలుగు పెట్టు" అంది. నాలుగు పెట్టింది. ఆ నాలుగు సగటులో కలిసింది, సగటు ఫైలుకెక్కింది.

ఏది మేలో తేల్చడానికి నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఒకటుంది. పిల్లవాడికి మాత్రమే తెలిసిన సంగతి అడుగుతున్నామా, వాడికి తెలిసే అవకాశం లేనిది అడుగుతున్నామా? ఎక్కడ ఆగిపోయాడో వాడికే తెలుసు. బోర్డు మీద అక్షరాలు చివరి బెంచీకి కనిపించాయో లేదో వాడికే తెలుసు. లెక్చరర్‌కు సబ్జెక్టు మీద ఎంత పట్టు ఉంది, సిలబస్ పరిశ్రమ అవసరాలకు తగ్గట్టు ఉందా అన్నవి రెండో సంవత్సరం కుర్రవాడికి ఎలా తెలుస్తాయి? ఫారంలో సగానికి పైగా ప్రశ్నలు ఇలాంటివే.

"నేను బాగా నేర్చుకున్నాను" అన్న నమ్మకాన్ని కూడా కొలతగా తీసుకోలేం. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం మొదటి కోర్సు పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. చక్కగా సాగిన ఉపన్యాసం విన్నవాళ్లు తాము ఎక్కువ నేర్చుకున్నామని అన్నారు. తమంతట తాము లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లు తక్కువ నేర్చుకున్నామని అన్నారు. పరీక్ష పెడితే ఫలితం తారుమారైంది: కుస్తీ పట్టినవాళ్లకే ఎక్కువ మార్కులు. అంతకుముందు 2010లో అమెరికా వైమానిక దళ అకాడమీ గురించి వచ్చిన అధ్యయనం మన ఇంజనీరింగ్ వాళ్లకు ఇంకా దగ్గరిది. అక్కడ ఏ విద్యార్థి ఏ సెక్షన్‌లో పడాలో కాలేజీయే లాటరీ తీసినట్టు కేటాయిస్తుంది, కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది. మొదటి గణితం కోర్సులో ఎక్కువ మార్కులు వచ్చేలా చెప్పిన అధ్యాపకులకు పిల్లలు మంచి రేటింగు ఇచ్చారు. అదే పిల్లలు దాని మీద ఆధారపడిన తర్వాతి కోర్సుల్లో వెనకబడ్డారు. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చెప్పేవాడికి ఇది గుండెలో గుచ్చుకునే విషయం. నా దగ్గర సరిగా నేర్చుకోని పిల్లవాడి లోటు బయటపడేది తర్వాత, దీని మీదే ఆధారపడిన స్ట్రక్చరల్ ఎనాలిసిస్ సబ్జెక్టు దగ్గర. అప్పటికి నా ఫారంలో వాడు పెట్టిన ఐదు భద్రంగా ఉంటుంది.

ఇక చీటీ. సెమిస్టర్ మధ్యలో పెట్టే మొదటి మిడ్ పరీక్ష అయిన వారంలో పావు ఠావు కాగితం ఇస్తాను. పేరు వద్దు, రోల్ నంబరు వద్దు. ప్రశ్నలు రెండే. ఇప్పటివరకు చెప్పినదాంట్లో ఎక్కడ ఆగిపోయారు? క్లాసులో ఏ ఒక్కటి మారిస్తే మీకు తేలికవుతుంది? తెలుగులోనే రాయమని గట్టిగా చెబుతాను. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. పొదిలి, కనిగిరి, ఉదయగిరి నుంచి వచ్చే పిల్లల్లో పదో తరగతి దాకా తెలుగులో చదివినవాళ్లు ఉంటారు. ఇంగ్లీషులో అడిగితే "గుడ్" అని రాసి ఊరుకుంటారు. తెలుగులో అడిగితే కాగితం వెనక్కి తిప్పి కూడా రాస్తారు.

రెండేళ్ల కిందట వచ్చిన ఒక చీటీ నా దగ్గర ఇంకా ఉంది. అందులో ఇలా ఉంది: "సాగింగ్ ప్లస్, హాగింగ్ మైనస్ అని గుర్తు పెట్టుకున్నాను సార్. ఎందుకో తెలియదు. చీమకుర్తిలో మా నాన్న గ్రానైట్ పలకలు దించే పని చేస్తారు. రెండు దిమ్మెల మీద పెట్టిన పలక మధ్యలో బరువు పడితే అడుగు నుంచే పగులుతుందంటారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?"

అది ఎవరిదని నేను ఆరా తీయలేదు. దూలం కిందికి కుంగితే సాగింగ్, పైకి ఉబ్బితే హాగింగ్. దూలాన్ని వంచే ప్రభావం ఎక్కడ ఎంత ఉందో చూపే బెండింగ్ మూమెంట్ డయాగ్రాములు అప్పటికి మూడు వారాలుగా గీయిస్తున్నాను. గుర్తులు తప్పకుండా గీస్తున్నారు కాబట్టి అర్థమైందనే అనుకున్నాను. మిగతా చీటీలు మళ్లీ తిరగేస్తే, పదిహేడింటిలో వేరే వేరే మాటల్లో ఇదే కనిపించింది: గీయడం వచ్చు, గీసినదానికి అర్థం తెలియదు.

మర్నాడు పరుపులో వాడే మందపాటి స్పాంజి ముక్క తీసుకెళ్లాను. దాని పక్కవైపున స్కెచ్ పెన్నుతో నిలువు గీతలు గీసి, రెండు డస్టర్ల మీద పెట్టి, మధ్యలో వేలితో నొక్కమన్నాను. పైన గీతలు దగ్గరయ్యాయి, అడుగున దూరం జరిగాయి. పైభాగం నలుగుతోంది, అడుగుభాగం సాగుతోంది. గ్రానైట్ నలుగుడుకు బాగా నిలుస్తుంది, సాగుడుకు ఆగదు, అందుకే పగులు అడుగున మొదలవుతుంది. కాంక్రీటు గుణమూ అదే కాబట్టి రెండు గోడల మధ్య పడే శ్లాబులో ఇనుము అడుగువైపు వేస్తారు. తర్వాత స్పాంజిని ఒక చివర బల్లకు అదిమి పట్టి, గాలిలో ఉన్న రెండో చివరను కిందికి నొక్కించాను. ఈసారి పైగీతలు విడిపోయాయి. "అయితే సన్‌షేడ్‌లో ఇనుము పైన వేయాలి" అని వెనక బెంచీ నుంచి ఎవరో నేను అడగకముందే అన్నారు. ప్లస్, మైనస్ గుర్తుల వెనక ఉన్నది ఇదేనని, ఇనుము ఎటువైపు పెట్టాలో ఆ డయాగ్రామే చెబుతుందని ఆ గంటలో వాళ్లకు తెలిసింది.

ఆ సెమిస్టర్ చివర ఫారంలో "స్పష్టంగా బోధిస్తారు" అన్న ప్రశ్నకు నాకు వచ్చిన సగటు 4.3. అంతకుముందు ఏడాది కూడా 4.3. మూడు వారాలు అర్థం కాకుండా గడిచిన సంగతి గానీ, ఆ తర్వాత అర్థమైన సంగతి గానీ ఆ అంకెలో లేదు.

చీటీకి ఉన్న లోపం చేతిరాత. నెలన్నర పాటు నోట్సులు దిద్దిన లెక్చరర్ చేతిరాత గుర్తుపట్టగలడు. ఆ సంగతి పిల్లలకూ తెలుసు. యూనివర్సిటీ 2023లో తెచ్చిన ఆర్23 నిబంధనల్లో వందకు 30 కాలేజీలోనే వేసే ఇంటర్నల్ మార్కులు, అవి మన చేతిలోనివి. భయపడి రాయనివాళ్లను తప్పుపట్టలేం. అందుకే చీటీలు నేను పోగుచేయను, క్లాస్ రిప్రజెంటేటివ్ కలిపేసి కవరులో పెట్టి ఇస్తాడు. ఇంకో గట్టి నియమం పెట్టుకున్నాను: ఆ చీటీలు నా బీరువా దాటవు. శాఖాధిపతి (హెచ్‌ఓడీ) అడిగినా ఇవ్వను. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2019 నాటి నిబంధనల్లో అధ్యాపకుల మూల్యాంకనానికి పెట్టిన వంద పాయింట్లలో 25 విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌వే. జీతానికీ పదోన్నతికీ ముడిపడిన కాగితంలో నా లోపాన్ని నేనే వెతుక్కోవడం కష్టం. పిల్లలూ సార్‌కు నష్టం జరుగుతుందేమోనని మెత్తగా రాస్తారు, లేదా కసి తీర్చుకుంటారు. ఆ లెక్కలేవో ఫారంతోనే తేల్చుకోవాలి, చీటీని వాటిలోకి లాగకూడదు.

ఇంటర్నల్ భయం మరీ ఎక్కువగా ఉన్న తరగతికి మూడో దారి ఉంది. మీ సబ్జెక్టుతో సంబంధం లేని సహోద్యోగిని అరగంట మీ క్లాసుకు పంపి, మీరు బయటికి వెళ్లిపోవాలి. ఆయన పిల్లల్ని ఐదారుగురి జట్లుగా కూర్చోబెట్టి, జట్టంతా ఒప్పుకున్న మాటలే రాయమంటారు. 1970ల చివర్లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతి ఇది. ఒక్కడి కోపం జట్టులో వడగట్టుకుపోతుంది, చేతిరాత భయం ఉండదు. కానీ నాకు వచ్చిన చీమకుర్తి చీటీ లాంటిది జట్టులో బయటికి రాదు. నలుగురి ముందు "నాకు అసలు అర్థమే తెలియదు" అనడానికి పంతొమ్మిదేళ్ల వయసులో చాలా ధైర్యం కావాలి. పైగా నమ్మకస్తుడైన సహోద్యోగి దొరకాలి.

సలహాల పెట్టె, క్లాస్ కమిటీ సమావేశం, పూర్వ విద్యార్థుల అభిప్రాయాలు కూడా ఉన్నాయి. పెట్టెలో పడేవి ఫ్యాన్లు, మంచినీళ్లు, బస్సు వేళల ఫిర్యాదులే ఎక్కువ. కమిటీలో మార్కులు బాగా వచ్చేవాళ్లే మాట్లాడతారు. పూర్వ విద్యార్థుల మాట విలువైనదే, సిలబస్ మార్చేటప్పుడు పనికొస్తుంది.

నన్ను అడిగిన ముగ్గురికీ ఇచ్చిన జవాబు ఇది. ఫారం కాలేజీ కోసం ఉండనివ్వండి, మీ పాఠం కోసం మాత్రం చీటీ మొదలుపెట్టండి. ముందు ఒక్క సెక్షన్‌లో, ఒక్కసారి చేసి చూడండి. చీటీలు తీసుకున్న తర్వాతి క్లాసులో మొదటి పది నిమిషాలు దానికే కేటాయించండి. ఏం రాశారో, అందులో ఏది మారుస్తున్నారో, ఏది మార్చలేరో, ఎందుకు మార్చలేరో బోర్డు దగ్గర నిలబడి చెప్పండి. ట్యుటోరియల్ గంట తీసేయమని ఏటా కొందరు రాస్తారు. తీసేయను, కారణం చెబుతాను. ఆ పది నిమిషాలు ఎగ్గొడితే రెండో మిడ్ తర్వాత ఇచ్చిన చీటీలు తెల్లగానే తిరిగొస్తాయి. మొదటి ఏడాది నాకు అలాగే తిరిగొచ్చాయి.