రెండు ప్రాసెసర్ల సర్వర్: లోడంతా ఒక్క కోర్ మీదే పడితే

నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లకు కేబుల్ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆపరేటర్లం మేము. కస్టమర్ల లాగిన్లన్నీ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కస్టమర్‌ను ఇంటర్నెట్‌కు కలిపే పద్ధతి) మీద నడుస్తాయి. ఆ పని కోసం సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్లు పట్టే) సర్వర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాం. లోపల 2012లో వచ్చిన ఇంటెల్ జియాన్ ఇ5-2670లు రెండున్నాయి. ఒక్కోదానికి 8 కోర్లు (లెక్కలు చేసే యూనిట్లు), కోర్‌కు రెండు చొప్పున 16 థ్రెడ్లు. అంటే లినక్స్‌కు 32 సీపీయూలు కనిపిస్తాయి. కొనేటప్పుడు ఆ అంకె చూస్తే ధైర్యంగా ఉంటుంది. కానీ వాడిన మీదట చెప్తున్నాను, మా పనిలో ఆ 32 కంటే లోడ్ ఎలా పంచుకుంటుందన్నదే ముఖ్యం.

రాత్రి ఎనిమిది దాటితే ఫిర్యాదులు మొదలయ్యేవి. కువైట్‌లోనో మస్కట్‌లోనో మనిషి లేని వీధి ఇటువైపు తక్కువ. వీడియో కాల్ ఆగిందంటే ఇంట్లో టెన్షనే. "అబ్బాయి మాకు కనపడతన్నాడండీ, మేమే ఆడికి కనపడట్లేదంట" అని పెద్దవాళ్లు ఫోన్ చేసేవారు. గ్రాఫ్‌లో చూస్తే సర్వర్ వాడకం పది శాతం లోపే, పైనుంచి వచ్చే లింకులోనూ బోలెడు ఖాళీ. ఫైబర్‌ను, స్విచ్‌లను అనుమానిస్తూ చాలా తిరిగాం.

ఏ సీపీయూ ఎంత పనిచేస్తోందో చూపే టాప్ అనే ప్రోగ్రామ్ తెరిచి 1 నొక్కితే అసలు సంగతి తెలిసింది. సీపీయూ 0లో ఐడిల్ (ఖాళీ సమయం) సున్నా, టైమంతా సాఫ్ట్ ఇంటరప్ట్‌లకే (వచ్చిన ప్యాకెట్లను చూసుకునే పనికే) పోతోంది. మిగతావి దాదాపు ఖాళీ. 32లో ఒకటి పూర్తిగా నిండినా సగటులో అది 3 శాతమే కదా! అందుకే ఇలాంటి మెషీన్ మీద ఒక్క సగటు అంకె చూపించే మానిటరింగ్‌ను నేను నమ్మను. కోర్‌కో గీత ఉండాల్సిందే.

కారణం నెట్‌వర్క్ కార్డులో ఉంది. మంచి కార్డులకు చాలా క్యూలు (ప్యాకెట్లు నిలబడే వరసలు) ఉంటాయి. ప్యాకెట్‌లోని ఐపీ అడ్రసులు, పోర్టులు చూసి హ్యాష్ (వాటి నుంచి తీసిన ఒక అంకె) కట్టి, వచ్చే ట్రాఫిక్‌ను వేర్వేరు క్యూలకు, వాటి ద్వారా వేర్వేరు కోర్లకు పంచుతాయి. దీన్నే ఆర్‌ఎస్‌ఎస్ (రిసీవ్ సైడ్ స్కేలింగ్) అంటారు. అయితే కస్టమర్ వైపు నుంచి వచ్చేవి పీపీపీఓఈ ఫ్రేములు. వాటిలో ఐపీ అడ్రసు కవరులో పెట్టిన ఉత్తరంలా లోపల ఉంటుంది, మా కార్డు పైకవరే చదవగలదు. దాంతో అన్నీ మొదటి క్యూలోనే పడేవి. ఇంటర్నెట్ వైపు నుంచి వచ్చేవి మామూలు ఐపీ ప్యాకెట్లు కాబట్టి చక్కగా పంచుకునేవి. అబ్బాయి వీళ్లకు కనపడి, వీళ్లు అబ్బాయికి కనపడకపోవడం అందుకే.

ఇంటరప్ట్‌లను కోర్ల మధ్య సర్దే ఐఆర్‌క్యూబ్యాలెన్స్ అనే ప్రోగ్రామ్ వేస్తే సరిపోతుందని చాలామంది చెప్తారు. అది ఒక ఇంటరప్ట్‌ను (ప్యాకెట్లు వచ్చాయని కార్డు ఇచ్చే పిలుపును) ఈ కోర్ నుంచి ఆ కోర్‌కు మార్చగలదు గానీ ముక్కలు చేయలేదు. ట్రాఫిక్ అంతా ఒకే క్యూలో ఉంటే, నలిగే కోర్ మారుతుందంతే.

మమ్మల్ని గట్టెక్కించింది ఆర్‌పీఎస్ (రిసీవ్ ప్యాకెట్ స్టీరింగ్). గూగుల్ ఇంజనీరు టామ్ హెర్బర్ట్ రాస్తే, 2010లో లినక్స్ 2.6.35తో కెర్నెల్‌లోకి (లినక్స్ మూల భాగంలోకి) వచ్చింది. కార్డు చేయలేని పంపకాన్ని ఇది సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంది, పీపీపీఓఈ హెడర్ దాటి లోపలి ఐపీని చదువుతుంది. ఆ క్యూకు చెందిన ఆర్‌పీఎస్_సీపీయూస్ ఫైల్‌లో ఏ సీపీయూలు వాడాలో హెక్స్ మాస్క్ (సీపీయూకు ఒక బిట్ చొప్పున పెట్టి హెక్సాడెసిమల్‌లో రాసే అంకె) రాయాలి. మా మెషీన్‌లో సరి సంఖ్యల సీపీయూలు మొదటి సాకెట్‌వి, కార్డు కూడా ఆ సాకెట్‌కే ఉంది. అందుకని ఇంటరప్ట్ మోసే 0ని వదిలేసి, 2 నుంచి 14 దాకా సరి సంఖ్యలు వచ్చేలా 5554 రాశాం. ఆ రాత్రి ఫోన్లు రాలేదు. రెండో సాకెట్‌ను కూడా కలిపి చూశాం. డేటా రెండు ప్రాసెసర్ల మధ్య తిరగడమే తప్ప లాభం కనపడలేదు.

అందుకే ఈ పనికి రెండో ప్రాసెసర్ దండగ అని నా అభిప్రాయం. ఒక్కొక్కటి 115 వాట్ల రకం, ఖాళీగా ఉన్నా ఎంతో కొంత కరెంటు తాగుతుంది. ఆ డబ్బుతో క్లాక్ స్పీడ్ ఎక్కువున్న ఒకే ప్రాసెసర్, పీపీపీఓఈ లోపలికి చూడగల కార్డు కొనుక్కోవడం మేలు. మెషీన్ మాత్రం గట్టిది. రెండు పవర్ సప్లైలు, తప్పుల్ని సరిదిద్దుకునే ఈసీసీ మెమరీ, ఈ ఉప్పుగాలిలోనూ ఇంతవరకు మొరాయించలేదు.

రీబూట్ అయితే మాస్క్ పోతుంది. తుపాను రోజుల్లో యూపీఎస్ బ్యాటరీ అయిపోవడం మామూలే కాబట్టి దాన్ని సిస్టమ్‌డీ సర్వీసుగా (మెషీన్ లేవగానే దానంతటదే నడిచేలా) పెట్టుకోండి. కెర్నెల్ ప్యాకెట్ల లెక్క చూపే సాఫ్ట్‌నెట్_స్టాట్ ఫైల్‌లో రెండో కాలమ్ పెరుగుతుంటే ప్యాకెట్లు రాలిపోతున్నట్టు. అప్పుడు కోర్ దగ్గర ఎన్ని ప్యాకెట్లు వేచి ఉండొచ్చో చెప్పే నెట్‌డెవ్_మ్యాక్స్_బ్యాక్‌లాగ్‌ను డిఫాల్ట్ 1000 నుంచి పెంచాలి.

ఇంకో పరిమితి ఉంది. ప్యాకెట్ల వరస చెడకుండా ఒక ఫ్లోను (ఒకే కనెక్షన్ ప్యాకెట్లను) ఆర్‌పీఎస్ ఒకే కోర్‌కు పంపుతుంది. ఒక రొయ్యల ప్లాంటువాళ్లు సీసీటీవీ కెమెరాలన్నీ ఒకే టన్నెల్‌లో (బయటికి ఒకే కనెక్షన్‌గా కనపడే దారిలో) బయటికి పంపేవారు. ఆ భారమంతా ఒక్క కోర్ మీదే కూర్చునేది. వాళ్లతో మాట్లాడి రెండు టన్నెళ్లుగా విడగొట్టించాం. హ్యాష్‌లు వేర్వేరుగా పడి, ఇప్పుడు రెండు కోర్లు మోస్తున్నాయి.