గుండెలో ఇనుము లెక్క చెప్పే టీ2 స్టార్ స్కాన్: ఖమ్మం నుంచి ఒక అమ్మ

మావాడికి ఈ స్కాన్ తీసిన రెండో సెంటర్‌కి నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

మావాడికి 14 ఏళ్లు, తలసీమియా మేజర్ (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు). మూడు వారాలకోసారి రెండు యూనిట్ల రక్తం ఎక్కిస్తాం. ఒక్కో యూనిట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. కాలేయంలో, చివరికి గుండెలో పేరుకుంటుంది.

ఏటా ఎకో (గుండె పనితీరు చూసే అల్ట్రాసౌండ్) తీయిస్తున్నాం. ఈజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కో కొట్టుకి బయటికి పంపే రక్తం శాతం, 62 వచ్చింది; ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్తపరీక్ష ఫెరిటిన్ 1,800. మరీ ఎక్కువేం కాదులే అని ధీమాగా ఉన్నాం. డాక్టరుగారే పట్టుబట్టి, గుండెలో ఇనుము ఎంతుందో ఎంఆర్ఐ యంత్రంతో కొలిచే ఈ టీ2 స్టార్ స్కాన్ రాశారు.

మొదట వెళ్లిన సెంటర్ పేరు రాయను. గుండె ఎంఆర్ఐ అంటూ డబ్బు కట్టించుకుని, పిల్లాడికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ కూడా ఇచ్చి, ఐదు పేజీల రిపోర్టు చేతిలో పెట్టారు. అందులో టీ2 స్టార్ అంకే లేదు. నిలదీస్తే, ఆ సాఫ్ట్‌వేర్ మా దగ్గర లేదన్నారు. అసలు ఇనుము కొలవడానికి ఆ సూది అక్కర్లేదట. మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

రెండో చోట ఫోన్‌లోనే అడిగాను: “గుండెకి మిల్లీసెకన్లలో అంకె ఇస్తారా?” ఇస్తామన్నారు. ఇనుమును బయటికి పంపే మందు డెస్ఫెరాల్ ఎక్కించే పంపు తీసేయించి, ఛాతీకి ఈసీజీ తీగలు అంటించారు. టెక్నీషియనమ్మాయి “ఊపిరి వదిలేసి ఆపు నాన్నా” అని ముందు బయటే నాలుగుసార్లు చేయించింది. మావాడు భయపడలేదు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. రిపోర్టు మాత్రం మూడు రోజులు ఆలస్యం, ఒక స్టార్ అందుకే తగ్గించాను.

అంకె 8.6 మిల్లీసెకన్లు. 20 దాటి ఉండాలి; అంకె తగ్గేకొద్దీ గుండెలో ఇనుము ఎక్కువున్నట్టు. 10 లోపుంటే గుండె ఎప్పుడైనా దెబ్బతినొచ్చు. ఎకో బాగుండగానే ఇది!

రాత్రిళ్లు పంపుకి తోడు పగలు డెఫెరిప్రోన్ అనే ఇనుము తగ్గించే మరో మందు మొదలుపెట్టారు. దానికి తెల్లకణాలు పడిపోవచ్చని వారం వారం రక్తపరీక్ష. జ్వరం వస్తే డెఫెరిప్రోన్ ఆపేసి, వెంటనే ఆసుపత్రికి పరుగు. ఏడాది తర్వాత అక్కడే మళ్లీ తీయిస్తే 12.4.

ఎకో బాగుంది కదా అని ఆగకండి, అమ్మలూ. మా డాక్టరుగారు పదేళ్ల వయసుకే మొదలుపెట్టాల్సింది అన్నారు. బుక్ చేసేముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి, పాత స్కాన్ సీడీ వెంట తీసుకెళ్లండి.