డ్రిప్పు ఫిల్టరు కొనేవాళ్ళు జాగ్రత్త, మూత విప్పి చూడకుండా డబ్బులివ్వకండి

మాది అనంతపురం జిల్లా, నాలుగెకరాల చీనీ తోట, బోరు నీళ్ళే ఆధారం. పాత ఫిల్టరు పగిలిపోతే జనవరిలో టౌన్‌లో ఒక షాపులో కొత్త స్క్రీన్ ఫిల్టరు (లోపల జాలీతో నీళ్ళు వడగట్టేది) కొన్నాను. "120 మెష్ అన్నా, ఇంక చూసుకోనక్కర్లేదు" అన్నాడు, అంటే జాలీ అంత సన్నమని. బిల్లు లేకుండా తీసుకుంటే రేటు తగ్గిస్తానంటే సరేనన్నాను, అక్కడే తప్పు చేశాను.

ఏప్రిల్‌కల్లా చివరి రెండు సాళ్ళలో చెట్లు ఆకు ముడుచుకున్నాయి, పిందె రాలడం మొదలైంది. మోటారు చూస్తే బాగానే పోస్తోంది, గేజిల్లో ప్రెషరు కూడా సరిగ్గానే ఉంది. లేటరల్ (చెట్ల వెంట పోయే సన్న పైపు) చివర ఎండ్ క్యాప్ తీస్తే ఎర్రటి బురదనీళ్ళు వచ్చాయి. నీళ్ళు చుక్కలుగా వదిలే డ్రిప్పరు ఒకటి కోసి చూశాను, లోపల మెలికల దారి నిండా సన్న ఇసుక, గోటితో గీరితే గానీ ఊడలేదు.

అప్పుడు ఫిల్టరు మూత విప్పితే జాలీ దాదాపు కొత్తదానిలాగే ఉంది. ఇసుక వచ్చే బోరు మీద మూడు నెలలు నడిచిన జాలీ అంత శుభ్రంగా ఎలా ఉంటుంది? పట్టుకుని కదిపితే లోపల ఊగింది. కింద వాషరు సైజు చిన్నది, చుట్టూ గోరు దూరేంత సందు. నీళ్ళు జాలీ గుండా పోకుండా ఆ సందులోంచే పోతున్నాయన్నమాట.

అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది గేజి సంగతి. ఫిల్టరుకు ముందొకటి, తర్వాతొకటి గేజి ఉంటుంది కదా, జాలీకి చెత్త పట్టేకొద్దీ రెండింటి మధ్య తేడా పెరగాలి, గేజిలో అర కిలో ప్రెషరు (చదరపు సెంటీమీటరుకు) దాటితే తీసి కడుక్కోవాలి. నాకు వారాల తరబడి తేడానే రాలేదు, ఫిల్టరు బాగా పనిచేస్తోందనే అనుకున్నాను. ఇసుక బోరుకు ఆ తేడా ఎన్నాళ్ళకీ పెరగట్లేదంటే వెంటనే మూత విప్పండి.

120 మెష్ అంటే జాలీ కన్ను సుమారు 130 మైక్రాన్లు, మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. డ్రిప్పరు దారి ఇంకా పెద్దదే కదా, ఇంత సన్న జాలీ ఎందుకంటారు కొందరు. రేణువు ఒక్కటే అయితే దూరిపోతుంది, నాలుగైదు కలిసి మెలిక దగ్గర ఇరుక్కుంటే ఇక దారి మూసుకుపోయినట్టే.

షాపువాడు చెప్పనిది ఇంకొకటుంది. ఇసుక పోసే బోరుకు స్క్రీన్ ఒక్కటే చాలదు, దానికి ముందు హైడ్రోసైక్లోన్ పెట్టుకోవాలి. అందులో నీళ్ళు పక్కనుంచి దూరి సుడి తిరుగుతాయి, బరువైన ఇసుక గోడవైపు పోయి కింద డబ్బాలోకి జారుతుంది, నీళ్ళు పైనుంచి బయటికొస్తాయి. మోటారు పోసే నీళ్ళకు తగ్గ సైజు కాకుండా పెద్దది పెడితే సుడి సరిగ్గా తిరగదు. చెరువు, ఫారంపాండ్ నీళ్ళకు మాత్రం ఇది పనికిరాదు, నాచు తేలిక కాబట్టి ఆగదు, అక్కడ ఇసుక నింపిన ఫిల్టరు, దాని తర్వాత స్క్రీన్ ఫిల్టరో, డిస్క్ ఫిల్టరో (గాట్లున్న ప్లాస్టిక్ బిళ్ళలతో వడగట్టేది) ఉండాలి.

షాపుకు తీసుకెళ్తే "మీరు సరిగ్గా కడగలేదు" అన్నాడు. చేతిలో బిల్లు లేదు, ఏమని అడగను?

కొనేటప్పుడు అక్కడే మూత విప్పించండి, జాలీని వెలుతురుకు పట్టి చిరుగులున్నాయేమో చూడండి, తిరిగి బిగించి ఊపి చూడండి. స్క్రీన్ ఫిల్టరు మీద ఐఎస్ 12785 నంబరుతో ఐఎస్ఐ గుర్తుందో లేదో చూసి బిల్లు తీసుకోండి. ఇప్పటికే బిగించుకున్నవాళ్ళు రేపు మోటారు వేసేముందే ఒకసారి విప్పి చూసుకోండి.