వాట్సాపా, గూగుల్ క్యాలెండరా, పేరెంటింగ్ యాపా: విడిపోయిన అమ్మానాన్నలకు ఏది మేలు?

మా పాపకు ఎనిమిదేళ్లు. నేను మియాపూర్‌లో ఉంటాను, వాళ్ల నాన్న ఎల్బీ నగర్‌లో. మెట్రో ఎర్ర లైనుకు ఈ చివర ఒకరం, ఆ చివర ఒకరం. శనివారం పొద్దున అమీర్‌పేట స్టేషన్‌లో పాపను అప్పగించడం, ఆదివారం సాయంత్రం అక్కడే తీసుకోవడం. ఒప్పందంలో రాసుకున్నది కొంచెమే: నెలలో మొదటి, మూడో శని ఆదివారాలు, పండగ సెలవుల్లో సగం, వేసవి సెలవుల్లో సగం. ఆ నాలుగు ముక్కలు నడపడానికే నానా తిప్పలు పడ్డాం.

మొదట అందరిలాగే వాట్సాప్. చేతిలో ఉన్నదే, కొత్తగా నేర్చుకునేది లేదు. "ఈసారి మూడో వారం బదులు నాలుగో వారం తీసుకెళ్తాను" అని ఆయన పెట్టారు. నేను బొటనవేలు ఎమోజీ పెట్టాను. దాని కింద స్కూలు ఫీజు మీద నలభై మెసేజ్‌లు నడిచాయి. నాలుగో శనివారం నేను పాపను తీసుకుని మా అక్క వాళ్లింటికి వెళ్లిపోయాను, ఆయన అమీర్‌పేటలో గంటసేపు నిలబడ్డారు. ఆ బొటనవేలు ఆయన లెక్కలో "సరే", నా లెక్కలో "చూశాను". తేదీలూ దెప్పిపొడుపులూ ఒకే చోట పెడితే ఇలాగే ఉంటుంది. పైగా పంపిన మెసేజ్‌ను పావుగంటలోపు మార్చొచ్చు, రెండు రోజుల దాకా అందరి ఫోన్లలోంచీ తీసేయొచ్చు. స్క్రీన్‌షాట్లు దాచుకుంటే కోర్టులో పనికొస్తాయి కదా అనుకుంటారు చాలామంది. మామూలుగా ఉత్త ప్రింటవుట్ ఇస్తే సరిపోదు, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

తర్వాత గూగుల్ క్యాలెండర్. పైసా ఖర్చు లేదు. పాప పేరుతో విడిగా ఒక క్యాలెండర్ చేసి దాన్ని మాత్రమే పంచుకున్నాం, కాబట్టి నా ఆఫీసు మీటింగులు ఆయనకు కనబడవు. "ప్రతి నెలా మొదటి శనివారం" అని ఒకసారి పెడితే దానంతటదే పడుతుంది. అప్పగింత రోజు కింద చిన్న నోట్: ఇన్‌హేలర్, స్విమ్మింగ్ డ్రెస్, హోంవర్క్ డైరీ. ముందురోజు రాత్రి 8కి ఇద్దరి ఫోన్లూ మోగుతాయి. ఇన్‌హేలర్ మర్చిపోవడం అప్పటినుంచి లేదు.

పండగలే తంటా. తిథిని బట్టి వచ్చే దసరాను "ప్రతి ఏడాదీ ఇదే తేదీ" అని పెట్టలేం. తెలంగాణ స్కూళ్లకు దసరా సెలవులు ఎక్కువ, సంక్రాంతికి తక్కువ. విజయవాడలో ఉండే నా స్నేహితురాలికి సంక్రాంతి దగ్గరే పేచీ. "సగం" అంటే ఏ సగం? పండగ రోజు ఎవరి సగంలో పడుతుంది? ఏ సాఫ్ట్‌వేరూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. జూన్‌లో స్కూలు ఇచ్చే సెలవుల పట్టిక ముందు పెట్టుకుని ఏడాది మొత్తానికీ ఒకేసారి ఎక్కించేయడమే దారి.

గూగుల్ క్యాలెండర్‌లో ఒక చిల్లు ఉంది. మార్చే అనుమతి ఇద్దరికీ ఇస్తే ఎవరైనా తేదీ జరిపేయొచ్చు, అవతలివాళ్ల "సరే" కోసం అది ఆగదు. అందుకని మేం ఒక నియమం పెట్టుకున్నాం. మార్పు కావాలంటే ఆహ్వానంగా పంపాలి, అవతలివాళ్లు "యస్" నొక్కేదాకా పాతదే లెక్క.

మూడోది, ఇందుకోసమే తయారైన యాప్‌లు. అమెరికాలో అవర్ ఫ్యామిలీ విజార్డ్ 2001 నుంచి ఉంది, అక్కడి జడ్జీలు కొన్ని కేసుల్లో దాన్నే వాడమని ఆర్డర్ వేస్తారు. వారాంతం మార్చుకోవాలంటే అభ్యర్థన పంపాలి, అవతలివాళ్లు ఒప్పుకోవాలి. మెసేజ్ ఎప్పుడు చూశారో టైముతో సహా నమోదవుతుంది. డాక్టరు బిల్లులో ఎవరి వాటా ఎంతో కూడా అందులోనే. టాకింగ్ పేరెంట్స్ అనే ఇంకో యాప్‌లో పంపిన మెసేజ్‌ను మార్చడం, చెరపడం కుదరదు. విజార్డ్‌లో మాట ఘాటుగా ఉంటే పంపేముందే హెచ్చరించే టోన్‌మీటర్ కూడా ఉంది. "నీకు చెప్పి ఏం లాభంలే"లో ఉన్న దెప్పు దానికి దొరుకుతుందా అని నాకు అనుమానమే.

డల్లాస్ వైపు ఉండే మనవాళ్లకు ఇవి నిజంగా పనికొస్తాయి. టెక్సాస్ మామూలు ఆర్డరులో నెలలో 1, 3, 5 శుక్రవారాలతో మొదలయ్యే వారాంతాలు, స్కూలు నడిచే రోజుల్లో గురువారం సాయంత్రాలు అని లెక్క ముందే ఉంటుంది. ఇక్కడ నేను తిరిగిన ఫ్యామిలీ కోర్టులో ఇలాంటి యాప్ మాటే ఎవరూ ఎత్తలేదు. విజార్డ్‌కు ఇద్దరూ విడివిడిగా చందా కట్టాలి, ఒకరు కట్టనంటే కథ అక్కడితో ఆగిపోతుంది.

ఒకరు అమెరికాలో, పిల్లలు ఇక్కడ ఉంటే మాత్రం కనీసం గూగుల్ క్యాలెండరైనా పెట్టుకోండి. డల్లాస్‌లో రాత్రి 8కి వీడియో కాల్ అంటే మనకు వేసవిలో పొద్దున 6:30. నవంబర్‌లో వాళ్ల గడియారం మారాక అదే కాల్ 7:30కి పడుతుంది, అప్పటికి స్కూలు బస్సు వచ్చేస్తుంది. ఎవరి టైము వాళ్లకు చూపించే పని ఫోను చూసుకుంటుంది గానీ, కాల్ వేళ మార్చుకోవాల్సింది మీరే.

నా ఓటు? ఇద్దరూ మామూలుగా మాట్లాడుకోగలిగితే గూగుల్ క్యాలెండర్. ప్రతి మాటా లాయర్ దాకా వెళ్తుంటే, డబ్బులైనా సరే, యాప్. వాట్సాప్ "రైలెక్కాం", "దిగాం" అని చెప్పడానికి చాలు.

వీటిలో ఏదీ పాప చేతిలో లేదు. దానికి వంటగదిలోని తెలుగు క్యాలెండరే గతి. గ్యాస్ బండ మార్చిన తేదీ, పాల లెక్క రాసుకునే ఆ కాగితం మీదే నాన్న దగ్గరకు వెళ్లే రోజుల్లో నా బొట్టుబిళ్లలు అంటిస్తుంది. ఈ నెల మూడో శనివారం మీద రెండు అంటించింది. దసరా గడి మాత్రం ఖాళీగా ఉంది. దసరాకు నేను పంపిన ఆహ్వానానికి ఆయన నుంచి వచ్చింది ఇంకా "మేబీ"యే. ఇవాళ ఫోన్ చేసి అడగాలి.