అన్‌లీష్: నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో ఫీచర్ స్విచ్చులకు నమ్మదగ్గ సర్వర్

కోడ్ మళ్లీ డిప్లాయ్ చేయకుండా (సర్వర్లలోకి మళ్లీ ఎక్కించకుండా) ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేయాలంటే ఓపెన్ సోర్స్‌లో మొదట చూడాల్సింది అన్‌లీషే. డాకర్ కంపోజ్‌తో (అవసరమైన ప్రోగ్రాములన్నీ ఒకే ఆదేశంతో నడిపే పనిముట్టు), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో కలిపి 4242 పోర్టులో లేస్తుంది. మొదటి లాగిన్ అవ్వగానే డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చేయండి.

దీని అసలు బలం డిజైన్‌లో ఉంది. మీ యాప్ ప్రతి రిక్వెస్ట్‌కీ అన్‌లీష్ సర్వర్‌ని అడగదు. యాప్‌లో పెట్టుకునే నోడ్ ఎస్‌డీకే (Node.js కోసం అన్‌లీష్ ఇచ్చే లైబ్రరీ) మామూలుగా 15 సెకన్లకోసారి, ఏ ఫీచర్ ఎవరికి ఆన్ అనే రూల్స్ తెచ్చుకుని, నిర్ణయం మీ యాప్ మెమరీలోనే తీసుకుంటుంది. మధ్యలో సర్వర్ పడిపోయినా చివరగా తెచ్చుకున్న రూల్స్‌తోనే యాప్ నడుస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది గ్రాడ్యువల్ రోలౌట్ దగ్గర, అంటే ఫీచర్‌ని కొద్ది శాతం మందితో మొదలుపెట్టి మెల్లగా పెంచే చోట. యూజర్ ఐడీని హ్యాష్ చేసి (ఒకే ఐడీకి ఎప్పుడూ ఒకే సంఖ్య వచ్చే లెక్క) 1 నుంచి 100 లోపు ఒక సంఖ్య ఇస్తుంది; అది మీరు పెట్టిన శాతం దాటకపోతే ఫీచర్ ఆన్. అందుకే 10 శాతాన్ని 25కి పెంచితే, పాత 10 శాతం మంది అలాగే ఉంటారు. కానీ కాంటెక్స్ట్‌లో (ఫీచర్ ఆన్‌లో ఉందా అని అడిగేటప్పుడు పంపే యూజర్ వివరాల్లో) యూజర్ ఐడీగానీ సెషన్ ఐడీగానీ పంపకపోతే ఎంపిక యాదృచ్ఛికం అయిపోతుంది: ఒకే మనిషికి పేజీ తెరిచినప్పుడల్లా పాత బటన్ ఒకసారి, కొత్తది ఒకసారి!

ఇంకో చిక్కు, యాప్ లేచిన తొలి క్షణాల్లో రూల్స్ రాకముందే ఫ్లాగ్ (ఫీచర్ స్విచ్) అడిగితే మామూలుగా 'ఫాల్స్', అంటే ఆఫ్ అని వస్తుంది. ఎస్‌డీకే సిద్ధమైందని చెప్పే రెడీ ఈవెంట్ వచ్చేదాకా ట్రాఫిక్ తీసుకోకండి. పేమెంట్ లాంటి పనిలో ఫ్లాగ్‌ని మొదట్లో ఒక్కసారే చదివి, ఆ విలువనే చివరిదాకా పంపండి. లేకపోతే ఒకే పేమెంట్ సగం పాత దారిలో, సగం కొత్త దారిలో పోతుంది.

రిలీజ్ ఫ్లాగ్‌కి (కొత్త ఫీచర్ విడుదల కోసం తాత్కాలికంగా పెట్టే స్విచ్) అన్‌లీష్ 40 రోజుల ఆయుష్షు పెట్టి, దాటితే గుర్తుచేయడం చాలా మంచి ఏర్పాటు. కోడ్‌లో ఆ ఫ్లాగ్‌ని చూసే 'ఇఫ్' (if) షరతు మాత్రం మీరే తీసేయాలి.