కంపెనీ కలిపిన సాఫ్ట్‌వేరా, అచ్చమైన ఆండ్రాయిడా: ఏది మేలు?

ఫోన్ కొనేటప్పుడు మనవాళ్లు ప్రాసెసర్ పేరు అడుగుతారు, కెమెరా మెగాపిక్సెళ్లు అడుగుతారు, ఛార్జింగ్ ఎంతసేపట్లో ఎక్కుతుందో అడుగుతారు. కంపెనీ అందులో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టిందో, దానిలో మనం తీసేయగలిగేది ఎంతో అడిగేవారు అరుదు. కొన్నాళ్లు గడిచాక ఫోన్ మందగించిందని, నోటిఫికేషన్లు వేళకు రావడం లేదని, అడగని ప్రకటనలు తెర నింపుతున్నాయని వినిపించే ఫిర్యాదులు మాత్రం చాలావరకు ఆ సాఫ్ట్‌వేర్ దగ్గరికే వెళ్లి ఆగుతాయి.

ఆండ్రాయిడ్ మూలాన్ని గూగుల్ అందరికీ అందుబాటులో ఉంచుతుంది. దాని మీద తమ సొంత సాఫ్ట్‌వేర్ పొరగా సామ్‌సంగ్ వన్ యూఐని, ఒప్పో కలర్ ఓఎస్‌ను, వన్‌ప్లస్ ఆక్సిజన్ ఓఎస్‌ను పరుస్తాయి. షియోమీ అయితే 2010లో ఎంఐయూఐతోనే రంగంలోకి దిగి, ఆ తర్వాతే ఫోన్లు తయారుచేసింది. 2023లో దాని స్థానంలో హైపర్ ఓఎస్‌ను తెచ్చింది. ఇవన్నీ ఒక పక్క. గూగుల్ పిక్సెల్, మోటరోలా వంటివి మూలానికి దగ్గరగా ఉండే ఫోన్లుగా ఇంకో పక్క. ఈ రెండింటికీ తోడు మూడో దారి కూడా ఉంది: బరువైన సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోన్ కొని, అక్కర్లేనిది మనమే కత్తిరించుకోవడం. ఈ మూడింటినీ తూచాలంటే, కంపెనీ కలిపిన సాఫ్ట్‌వేర్ అంతా ఒకే రకం సరుకు కాదని ముందు గుర్తించాలి. మెనూల రూపం, అదనపు వసతులు ఒక రకం. ముందే ఎక్కించిన యాప్‌లు ఇంకో రకం. కంటికి కనిపించకుండా నేపథ్యంలో ప్రకటనలు తెచ్చేవి, యాప్‌లను ఆపేసేవి మరో రకం. వేగాన్ని, రోజువారీ వాడకాన్ని దెబ్బతీసేది ఎక్కువగా ఈ చివరి రకమే.

ముందు మెమరీ సంగతి. 4 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ఆండ్రాయిడ్, గూగుల్ ప్లే సర్వీసెస్ తమ వాటా తీసుకున్నాక మిగిలేది పరిమితం. ఆ మిగిలినదానిలోనే కంపెనీ థీమ్ సేవ, సొంత యాప్ స్టోర్, సొంత క్లౌడ్, లాక్ స్క్రీన్ మీద వార్తలు చూపే సేవ వచ్చి కూర్చుంటే, మనం తెరిచిన యాప్‌లకు చోటు తగ్గుతుంది. చోటు చాలనప్పుడు ఆండ్రాయిడ్ పాత యాప్‌లను ఒక్కొక్కటిగా ముగించేస్తుంది. పీడీఎఫ్ చూస్తూ మధ్యలో ఒక కాల్ మాట్లాడి తిరిగి వస్తే అది మొదటి పేజీ నుంచి తెరుచుకోవడానికి కారణం ఇదే. 8 జీబీ ఉన్న ఫోన్‌లో ఇదే సాఫ్ట్‌వేర్ ఇంత ఇబ్బంది పెట్టదు. అందుకే ఖరీదైన ఫోన్‌ను చూసి ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేర్ చక్కగా ఉందని చెప్పిన మాటను, అదే కంపెనీ పదివేల రూపాయల ఫోన్‌కు అన్వయించుకోకూడదు.

స్టోరేజీ విషయంలో చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ముందే ఎక్కించిన యాప్‌లలో కొన్ని మన డేటా ఉండే భాగంలోనే ఉంటాయి, వాటిని తీసేస్తే ఆ చోటు మనకు తిరిగి దక్కుతుంది. మిగిలినవి సిస్టమ్ విభాగంలో ఉంటాయి. ఆ విభాగాన్ని ఫోన్ చదవగలదు గానీ వాడేవారు మార్చలేరు. అందులోని యాప్‌ను ‘డిసేబుల్’ చేస్తే అది నడవడం ఆగుతుంది, దానికి వచ్చిన అప్‌డేట్లు తొలగి కాస్త చోటు మిగులుతుంది, కానీ అసలు యాప్ ఆక్రమించిన జాగా అలాగే ఉండిపోతుంది. ఇల్లు కొన్నవాడికి ఒక గది తాళం ఇవ్వకుండా అట్టిపెట్టుకోవడం వంటిది ఇది. 64 జీబీ ఫోన్‌లో ఆ గది చిన్నదేమీ కాదు.

ఇక్కడ గూగుల్‌ను పక్కన పెట్టి కంపెనీలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. అచ్చమైన ఆండ్రాయిడ్ అని మనం పిలిచే ఫోన్లలోనూ గూగుల్ సొంత యాప్‌ల వరుస ముందే ఉంటుంది. తన యాప్‌ల మూటను మొత్తంగా ఎక్కించాలని ఫోన్ తయారీదారుల మీద షరతు పెట్టడం కూడా కారణంగా చూపి, కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అయినా రెండింటికీ తేడా ఉంది: గూగుల్ యాప్‌లలో చాలావాటిని డిసేబుల్ చేస్తే అవి మారుమాట్లాడకుండా ఆగిపోతాయి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఆ మీటే కనిపించదు.

ప్రకటనల తీరు దగ్గరగా చూడదగ్గది. ఎంఐయూఐలో ‘ఎంఎస్ఏ’ అనే సిస్టమ్ భాగం ఉండేది. ఫోన్‌లోని ప్రకటనలకు అదే మూలం. దాన్ని ఆపాలంటే సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్‌లు, భద్రత విభాగంలోకి వెళ్లి, అనుమతులు రద్దు చేసే చోటు వెతికి, మీట నొక్కాలి. నొక్కగానే హెచ్చరిక వచ్చి, పది సెకన్లు లెక్కపెట్టాకే ‘రద్దు చేయి’ అన్న బటన్ పనిచేసేది. తీరా నొక్కితే రద్దు కుదరలేదని చెప్పి, మళ్లీ ప్రయత్నించమనడం కూడా పరిపాటి. అది అయ్యాక ఫైల్ మేనేజర్‌లో, డౌన్‌లోడ్స్‌లో, థీమ్స్‌లో సిఫారసులను విడివిడిగా ఆపుకోవాలి. డబ్బు పెట్టి కొన్న వస్తువులో ఇన్ని గుమ్మాలు దాటితే గానీ ప్రకటన ఆగకపోవడం నాకు బొత్తిగా మింగుడుపడని విషయం.

దీనికి వెనక ఉన్న లెక్క దాపరికమేమీ కాదు. హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటనివ్వబోమని షియోమీ 2018లో బహిరంగంగా ప్రకటించింది. ఫోన్ మీద రాని లాభం ప్రకటనల మీద, యాప్‌లు ఎక్కించినందుకు వచ్చే రుసుముల మీద రావాలి. ఆ మేరకు ఫోన్ చవకగా దొరికిందన్నది నిజమే, దాన్ని కాదనలేం. ఇది ఒక్క కంపెనీ పోకడ కూడా కాదు. శుభ్రమైన సాఫ్ట్‌వేర్ పేరుతో ఆదరణ పొందిన నథింగ్ సంస్థ సైతం 2025లో తన చవక మోడళ్లలో లాక్ స్క్రీన్ మీద కంటెంట్ చూపే వసతిని, ముందే ఎక్కించిన మెటా (ఫేస్‌బుక్ మాతృసంస్థ) యాప్‌లను ప్రవేశపెట్టింది. కాబట్టి బ్రాండ్ పేరు చూసి శుభ్రతను నమ్ముకునే రోజులు పోయాయి, మోడల్‌వారీగా చూసుకోవాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది, నేపథ్యంలో యాప్‌లను ఆపేసే అలవాటు. దీని మూలాలు చైనా మార్కెట్‌లో ఉన్నాయి. అక్కడ అమ్మే ఫోన్లలో గూగుల్ సేవలు ఉండవు కనుక, సందేశాలు అందుకోవడానికి ప్రతి యాప్ తన సొంత కనెక్షన్‌ను నేపథ్యంలో నిలబెట్టుకునేది. పదుల కొద్దీ యాప్‌లు అలా మేలుకొని ఉంటే బ్యాటరీ నిలవదు. అందువల్ల అక్కడి తయారీదారులు తెర ఆరగానే యాప్‌లను కఠినంగా ముగించే పద్ధతులు రాసుకున్నారు. మన దేశంలో ఆ అవసరం లేదు: సందేశాలు చాలావరకు గూగుల్‌కు చెందిన ఒకే కనెక్షన్ ద్వారా వస్తాయి, 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ‘డోజ్’ అనే పద్ధతి బ్యాటరీని కాపాడుతూనే ముఖ్యమైన సందేశాలను లోపలికి వదులుతుంది. అయినా పాత కాఠిన్యం కొంత ఇక్కడి ఫోన్లలోకీ వచ్చింది. యాప్‌ను బలవంతంగా ఆపేసిన స్థితిలో పెడితే, మళ్లీ మనం చేత్తో తెరిచేదాకా ఆండ్రాయిడ్ దానికి సందేశాలు అందనివ్వదు.

కిరాణా కొట్టులో దీని ఫలితం కళ్లారా చూడవచ్చు. సౌండ్ బాక్స్ అద్దె భారమనుకున్న దుకాణదారుడు, డబ్బు పడగానే పైకి చదివి వినిపించే యాప్‌ను తన ఫోన్‌లోనే పెట్టుకుంటాడు. తెర ఆర్పి ఫోన్‌ను గల్లాపెట్టె పక్కన పెడతాడు. కాసేపటికి ఫోన్ ఆ యాప్‌ను ముగించేస్తుంది. కొనుగోలుదారు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, పంపానని చెప్పి తన తెర చూపిస్తాడు. ఇక్కడ చప్పుడు ఉండదు. పంపింది నిజమా, అబద్ధమా అన్న అనుమానం ఇద్దరి మధ్యా పుడుతుంది. మాత్రలు వేసుకోమని గుర్తుచేసే యాప్, ఒంటికి పెట్టిన సెన్సర్ నుంచి చక్కెర స్థాయి చదివే యాప్ ఇలా ఆగితే నష్టం డబ్బుతో పోదు. ఈ విషయంలో మూలానికి దగ్గరగా ఉన్న ఫోన్లే మేలు. బరువైన సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోన్ వాడక తప్పనివారు, ముఖ్యమైన ప్రతి యాప్‌కూ దానంతట అదే మొదలయ్యే ‘ఆటోస్టార్ట్’ అనుమతి ఇచ్చి, బ్యాటరీ పరిమితులను తీసేయాలి. సామ్‌సంగ్‌లో అయితే ఎప్పటికీ నిద్రపుచ్చకూడని యాప్‌ల జాబితాలో చేర్చాలి.

ఖరీదైన ఫోన్లకు ఈ బెడద లేదనుకోవడం పొరపాటు. 2021లో వన్‌ప్లస్ 9 వరుస ఫోన్లు క్రోమ్ వంటి జనాదరణ ఉన్న యాప్‌ల వేగాన్ని తగ్గిస్తూ, వేగ పరీక్ష యాప్‌లను మాత్రం స్వేచ్ఛగా వదిలేస్తున్నట్లు తేలింది. 2022లో సామ్‌సంగ్ గేమ్ ఆప్టిమైజింగ్ సర్వీస్ మీద ఇదే ఆరోపణ వచ్చింది. గీక్‌బెంచ్ అనే వేగ పరీక్ష యాప్ నిర్వాహకులు గెలాక్సీ ఎస్10 నుంచి ఎస్22 వరకు ఉన్న ఎస్ వరుస ఫోన్ల ఫలితాలను తమ పట్టిక నుంచి తొలగించారు. ఆ తర్వాత సామ్‌సంగ్ అప్‌డేట్ ఇచ్చింది. వేడిని అదుపులో పెట్టడం తప్పు కాదు. వాడేవారికి చెప్పకుండా చేయడం తప్పు.

ఇంతవరకు చెప్పినదంతా బరువైన సాఫ్ట్‌వేర్‌కు వ్యతిరేకమే. దాని తరఫున చెప్పవలసినదీ గట్టిగానే ఉంది. ఈ రోజు ఆండ్రాయిడ్‌లో సహజంగా కనిపించే వసతులు ఎన్నో మొదట కంపెనీల నుంచే వచ్చాయి. తెరను రెండుగా చీల్చి రెండు యాప్‌లు నడిపే వీలును సామ్‌సంగ్ 2012 నాటికే నోట్ ఫోన్లలో ఇచ్చింది; మూల ఆండ్రాయిడ్‌లోకి అది 2016లో వచ్చింది. రహస్య ఫైళ్లను, యాప్‌లను విడిగా దాచే సెక్యూర్ ఫోల్డర్ సామ్‌సంగ్‌లో 2017 నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌లో అటువంటి ప్రైవేట్ స్పేస్ 2024లో వచ్చింది. కాల్ రికార్డింగ్ కావలసినవారికి తేడా మరీ స్పష్టం. గూగుల్ డయలర్‌లో (కాల్స్ చేసే యాప్‌లో) రికార్డింగ్ మొదలవగానే ఆ సంగతి అవతలివారికి వినిపిస్తుంది. సామ్‌సంగ్ తన సొంత డయలర్‌ను వదులుకోలేదు. ఇక కెమెరా విషయంలో, ఏ ఫోన్‌లోనైనా ఫొటోకు రంగు, వెలుగు దిద్దేది కంపెనీ సాఫ్ట్‌వేరే. దాన్ని తీసేస్తే మంచి సెన్సర్ కూడా వెలవెలబోతుంది.

అప్‌డేట్ల దగ్గర తూకం ఇంకా మారుతుంది. అచ్చమైన ఆండ్రాయిడ్ అయితే అప్‌డేట్లు త్వరగా, ఎక్కువకాలం వస్తాయన్నది పాత నమ్మకం. గూగుల్ 2014లో ఆండ్రాయిడ్ వన్ పథకాన్ని మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ ఫోన్లతో భారత్‌లోనే మొదలుపెట్టింది. శుభ్రమైన సాఫ్ట్‌వేర్, నేరుగా అప్‌డేట్లు అన్నది దాని వాగ్దానం. 2017లో షియోమీ ఎంఐ ఏ1తో ఆ వాగ్దానానికి మంచి ఆదరణ దక్కింది. కానీ అదే వరుసలోని ఎంఐ ఏ3కి 2020 చివర వచ్చిన ఆండ్రాయిడ్ 11 అప్‌డేట్, ఎక్కించుకున్న చాలా ఫోన్లను నిర్జీవం చేసింది. సాఫ్ట్‌వేర్ పలుచగా ఉన్నంత మాత్రాన దాన్ని పరీక్షించి పంపే శ్రద్ధ దానంతట అది రాదు. మోటరోలా కూడా తన చవక మోడళ్లలో చాలావాటికి చాన్నాళ్లు ఒకటి రెండు ఆండ్రాయిడ్ వెర్షన్లకు మించి హామీ ఇవ్వలేదు. మరోవైపు, బరువైనదని పేరుపడ్డ సామ్‌సంగ్ 2024లో సుమారు 19 వేల రూపాయలకు అమ్మిన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లు ప్రకటించింది. పిక్సెల్ 8 నుంచి గూగుల్ ఏడేళ్లు ఇస్తోంది గానీ, పిక్సెల్‌లలో చవకైన 9ఏ కూడా ఇక్కడ 49,999 రూపాయలకు వచ్చింది.

మూడో దారి, అంటే కత్తిరించుకోవడం, ఓపిక ఉన్నవారికి బాగా పనిచేస్తుంది. మొదట తీసేయగలిగినవి తీసేయడం, తర్వాత మిగిలినవాటిని డిసేబుల్ చేయడం, లాక్ స్క్రీన్ కంటెంట్‌ను ఆపడం, కంపెనీ యాప్ స్టోర్‌కు నోటిఫికేషన్లు పంపే అనుమతి తీసేయడం. కంప్యూటర్‌కు కలిపి, అక్కడి నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే ఏడీబీ అనే సాధనంతో మొండి యాప్‌లను సైతం మన ఖాతా వరకు తొలగించవచ్చు. ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అవి తిరిగి వస్తాయి, పొరపాటున అవసరమైనది తీసేస్తే ఫోన్ తెరుచుకోకపోవచ్చు కూడా. సాఫ్ట్‌వేర్ మొత్తాన్నీ మార్చి కస్టమ్ రోమ్ (కంపెనీది కాని, ఇతరులు తయారుచేసిన ఆండ్రాయిడ్) వేసుకోమని మాత్రం నేను సలహా ఇవ్వను. బ్యాంకు, యూపీఐ యాప్‌లు అటువంటి ఫోన్‌లో పనిచేయడానికి నిరాకరించే అవకాశం ఉంది.

నా తీర్పు కొనేవారిని బట్టి మారుతుంది. 4 జీబీ ర్యామ్‌తో సరిపెట్టుకోవలసిన ధరలో పలుచని సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోన్‌దే పైచేయి. అక్కడ అదనపు వసతుల కన్నా ఫోన్ కదలడం ముఖ్యం. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు, అమ్మమ్మ తాతయ్యలకు కొనేటప్పుడు ధర ఏదైనా ఇదే వర్తిస్తుంది. లాక్ స్క్రీన్ మీద మెరిసే ప్రకటనకూ, బ్యాంకు నుంచి వచ్చిన నోటిఫికేషన్‌కూ తేడా పోల్చుకోలేనివారి చేతిలో ప్రకటనల ఫోన్ పెట్టడం ప్రమాదం. అటువంటిదే కొనక తప్పకపోతే, ముందు మనమే కూర్చుని పూర్తిగా కత్తిరించి ఇవ్వాలి. పెద్ద అప్‌డేట్ వచ్చాక మళ్లీ ఒకసారి చూడాలి, ఎందుకంటే ఆపినవి కొన్ని తిరిగి మేలుకోవచ్చు. పదిహేను నుంచి ఇరవై ఐదు వేల మధ్య, 8 జీబీ ర్యామ్‌తో, నాలుగైదేళ్లు వాడాలనుకునేవారికి మాత్రం పలుచదనం కన్నా అప్‌డేట్ల హామీ ఎక్కువ విలువైనది. అక్కడ సామ్‌సంగ్ వంటి బరువైన ఫోన్‌ను కత్తిరించుకుని వాడటమే నా ఎంపిక.

దుకాణంలో డెమో ఫోన్ చేతికిచ్చినప్పుడు రెండు చోట్లు చూస్తే చాలా తెలుస్తుంది. స్టోరేజీ సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’ ఎన్ని జీబీలు తీసుకుందో ఒకటి. రెండోది, ముందే ఉన్న యాప్‌లలో నాలుగింటిని వరుసగా తెరిచి, వాటి సమాచారం పేజీలో ‘అన్‌ఇన్‌స్టాల్’ గానీ ‘డిసేబుల్’ గానీ నొక్కడానికి వీలుందో లేక అవి బూడిదరంగులో పడి ఉన్నాయో చూడటం.